బాగానే ఉందండి, ఆయ్

ఇవాళ చెప్పేస్తుంది. ఆరు నూరైనా చెప్పేస్తుంది. అమలాపురంలో ఈ డాక్టరుగారి ఆసుపత్రి వరండాలో, గోడవార వేసిన బల్ల మీద, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని కూర్చున్న సత్యదుర్గ, పొద్దున ఆత్రేయపురంలో బస్సెక్కిన దగ్గర్నించీ ఒకటే మాట లోపల్లోపల అనుకుంటోంది. తగ్గలేదండి. ఇంతే. మాటలు నేర్చే పిల్లలు కూడా పలకగలిగిన మాట. చలికాలంలో మొదలుపెట్టింది ఇక్కడికి రావడం, ఇప్పుడు మామిడికాయలు కూడా అయిపోవచ్చాయి; వచ్చిన ప్రతిసారీ లోపల ఆయన ఎలా ఉందమ్మా అని అడగడం, తను బాగానే ఉందండి, ఆయ్, అనడం, ఆయన ముఖం వెలగడం, తను ఇంటికెళ్ళి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూస్తూ కూర్చోవడం. ఎవరి మీద చూపించాలి ఈ కోపం? డాక్టరు మీదా? ఆయన అడిగారు, తను చెప్పిందే నమ్మారు, అందులో ఆయన తప్పేముంది. అయినా ఆయన మీద కూడా వస్తోంది. నెత్తిన కిర్రుకిర్రుమంటూ తిరిగే ఫ్యాను మీద వస్తోంది. రక్తం తీస్తాం, ఏమీ తినకుండా రమ్మన్నారు, వీధి హోటల్లోంచి పెసరట్టు వాసన తిన్నగా ఇక్కడికే వస్తోంది, దాని మీద కూడా వస్తోంది. అన్నిటికన్నా ఎక్కువ తన నోటి మీద వస్తోంది. అత్తగారితో దెబ్బలాడ్డానికి పనికొచ్చే నోరే కదా, ఒక్క నిజం చెప్పడానికి దీనికేం రోగం?

కొంగు కింద కుడిచేతి ఉంగరపు వేలుని ఎడమచేత్తో తడిమి చూసుకుంది. అలాగే ఉంది. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉండటం ఆమెకి కొత్త కాదు. గిన్నెలో వేణ్ణీళ్ళు పోసుకుని చేతులు ముంచుకుని కూర్చుంటే, పక్కనించి అత్తగారు పైడమ్మ, పూతరేకుల కుండ వేడికీ గుడ్డ తడికీ చెడిపోయాయే నీ చేతులు అని సణుగుతుంటే, ఎండ వాకిట్లోకి వచ్చేసరికి ఒక్కొక్కటే వదులవుతాయి. ఇవాళ తక్కినవన్నీ వదిలాయి, అదొక్కటీ వదల్లేదు. అరచేతివైపు వంగి అలాగే ఉండిపోయింది. రెండో చేత్తో పట్టుకుని సాగదీస్తే ప్రాణం లేచిపోయింది, వదిలేస్తే మళ్ళీ వంగింది. గిన్నెలో నీళ్ళు చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయమ్మా, వంకరపోయినవి మళ్ళీ రావు అని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. చెప్పలేదు అని ఆయన మీద నెట్టేయడానికి కూడా లేదు. ఇది మొదటి వేలు. మిగతావి వరసలో నిలబడి ఉన్నాయని ఆమెకి తెలుసు.

మొదటిరోజు ఎంత బాగా చెప్పారో. శివప్రసాద్ గారు కేకలేసే డాక్టరు కాదు, అదే వచ్చిన చిక్కు. కేకలేసే డాక్టరైతే ఎదురు మాట ఎప్పుడో వచ్చేసేది. ఈయన కుర్చీ దగ్గరగా జరుపుకుని, వాచిన కణుపులని ఒక్కొక్కటే రెండు వేళ్ళతో నొక్కి చూస్తూ, నొప్పొస్తే చెప్పమ్మా అంటూ, పసిపిల్లని ఎత్తుకున్నట్టు చెయ్యి పట్టుకున్నారు. ఇది కీళ్ళవాతంలో ఒక రకం అన్నారు. పని వల్ల వచ్చింది కాదు, వేడి వల్లా కాదు, నీళ్ళ వల్లా కాదు, మన ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి మన కీళ్ళ మీద పడుతుందన్నారు. ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఆమెకి జబ్బు చేసిందన్న వాళ్ళు లేరు, పని చెడగొట్టిందన్న వాళ్ళే. తర్వాత ఆయన పరిశోధన సంగతి చెప్పారు. కొత్త మందొకటి వచ్చింది, పనిచేస్తుందో లేదో చూడాలి, సగంమందికి ఆ మందిస్తారు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త గొట్టం మాత్రలిస్తారు, ఎవరికేది అందిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, పైన కంపెనీవాళ్ళకే తెలుసు. తెలియకుండా ఉంటేనే నిజం బయటపడుతుందమ్మా అన్నారు. ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనరు. తగ్గకపోతే మాత్రం వెంటనే చెప్పాలి, చెప్పిన రోజే దీన్ని ఆపేసి వారానికోసారి వేసుకునే పాత మాత్ర మొదలెడతాను, అది చాలామందికి పనిచేసిందే, అన్నారు. ఇంకా ఏమన్నారు? ఈ పరిశోధనంతా మీరు చెప్పే మాట మీదే నిలబడుతుందన్నారు. ఆయన అంత పద్ధతిగా నిజం కోసం ఇన్ని ఏర్పాట్లు చేసుకుంటే, తను వెళ్ళి అందులో దోసెడు దోసెడు అబద్ధం పోసి వచ్చింది. మర్యాదగా, నవ్వుతూ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

పక్కన కాంతమ్మ కునుకు తీస్తోంది. తమ వీధే, తమ పనే, వయసులో పెద్దది, ఈమెవి మోకాళ్ళు. ఆ మోకాళ్ళు ఇంట్లో ఎలా ఉంటాయో సత్యదుర్గకి తెలుసు. దొడ్లోకి వెళ్ళడానికి గోడలు పట్టుకుని, గేదెని పేరు పెట్టి పిలిచినట్టు ఒక్కో దేవుణ్ణీ పేరు పెట్టి పిలుచుకుంటూ వెళ్తుంది. ఇక్కడ మాత్రం మెట్లు టకటకా ఎక్కేసింది. ఎక్కదా మరి, తెల్లమాత్ర వేసుకుందిగా. ఊళ్ళో ఆరెంపీ దగ్గర దొరుకుతుంది ఆ మాత్ర, చిన్నది, చేదుగా ఉంటుంది, వేసుకున్న కాసేపటికి నొప్పి ఎక్కడికి పోతుందో కూడా తెలీదు, మర్నాటికి రెట్టింపై తిరిగొస్తుంది. ఆ తెల్లమాత్రలు ముట్టుకోవద్దమ్మా, ఎముకలు గుల్లబారతాయి, పైగా మా మందు పనిచేస్తోందో లేదో తెలియకుండా పోతుంది అని డాక్టరుగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. రోజూ ఎవరూ ముట్టుకోవడం లేదు కూడా, మాట మీద నిలబడే మనుషులే. ఇక్కడికి వచ్చేరోజు మాత్రం వేసుకుంటారు. రావులపాలెంలో బస్సు మారగానే కాంతమ్మ చీర చెరుగున కట్టిన మూట విప్పి తలా ఒకటి పంచుతుంది, కొత్తపేటలో ఎక్కేవాళ్ళకి కూడా ఉంచుతుంది. మొదటిసారి సత్యదుర్గ వద్దంది. అప్పుడు కాంతమ్మ చెప్పిన మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. చుట్టాలొస్తున్నారంటే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుకోమా అని. అంత పెద్దాయన, మన చెయ్యి పట్టుకుని చూసేవాడు, ఆయన మందిచ్చాక కూడా మూలుక్కుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడితే ఆయన ముఖం ఎలా ఉంటుంది, మనకేం మర్యాద అని. బస్సులో వాళ్ళందరూ ఆయ్, నిజమే, అన్నారు. సత్యదుర్గ కూడా ఆయ్ అని మింగేసింది. నమ్మి మింగింది. ఆ మాటలో ఎక్కడా తప్పు కనపడలేదు ఆవేళ.

ఇవాళ మింగలేదు. కాంతమ్మ అరచేతిలో పెట్టింది, గుప్పిట మూసుకుంది, కాంతమ్మ అటు తిరగ్గానే కిటికీలోంచి వదిలేద్దామనుకుంది. వదలడానికి కూడా వేళ్ళు విప్పుకోక రెండో చెయ్యి సాయం పట్టాల్సి వచ్చింది. కాలవలో పడిందో రోడ్డు మీద పడిందో. కాంతమ్మకి చెప్పలేదు, చెబితే బాధపడుతుందని. ఇదిగో, మళ్ళీ. మాత్ర పారేసినందుకు మాత్ర ఇచ్చినావిడ బాధపడుతుందట. ఎంత లోతుకి దిగిపోయిందో ఈ రోగం. కీళ్ళలో వచ్చింది నిన్నగాక మొన్న, ఇది పుట్టినప్పట్నించీ ఉంది, దీనికి డాక్టర్లు లేరు.

ఎవరు నేర్పారు అంటే, అమ్మ నేర్పింది. కాట్రేనికోనలో అమ్మ అచ్చాయమ్మ. ఆ పెద్ద తుపాను వచ్చి వెళ్ళాక సత్యదుర్గ పడుతూ లేస్తూ పుట్టింటికి చేరేసరికి ఇంటికి కప్పు లేదు, కొబ్బరిచెట్లు మొండాలై నిలబడి ఉన్నాయి, అమ్మ తడిసిన బియ్యం చాప మీద ఆరబోస్తూ ఉంది. ఆ కాసేపటికే ఎవరో అధికారి జీపు దిగి బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి, ఎలా ఉన్నారమ్మా అన్నాడు. అమ్మ లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని, బాగానే ఉన్నామండి, మీ దయ, కూర్చోండి కాఫీ తాగుదురుగాని అంది. కూర్చోడానికి అక్కడ పీట లేదు. కాఫీకి పాలు లేవు, పొడి లేదు, పొయ్యి లేదు. ఆయన పైకి చూస్తే ఆకాశం తప్ప ఏమీ లేదు, అయినా బాగానే ఉన్నామంటోంది కదా అని సంతోషించి, వస్తానమ్మా అని పక్కింటికి వెళ్ళిపోయాడు. పక్కింటావిడ గుండెలు బాదుకుని ఏడ్చింది, ఆవిడ ఇంటి మీదకి ముందు రేకులొచ్చాయి. అమ్మకి ఆఖరున వచ్చాయి. అప్పుడు సత్యదుర్గ నవ్వింది, ఊరంతా చెప్పుకుని నవ్వింది, మా అమ్మ మర్యాద చూశారా అని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. అమ్మా, ఆ ఒక్కరోజైనా ఏడవాల్సింది. కూలిపోయింది బాబూ, మునిగిపోయాం అని ఒక్క కేక పెట్టాల్సింది. నీ కూతురు ఆ కేక ఎలా పెడతారో చూసి ఉండేది.

పెళ్ళయి ఆత్రేయపురం వచ్చాకా అంతే. కువైట్ నించి మొగుడు శుక్రవారం ఫోన్ చేస్తాడు, ఎలా ఉన్నావే అంటాడు, బాగానే ఉన్నాను, మీరెలా ఉన్నారు అంటుంది, నాకేం, బాగానే ఉన్నాను అంటాడు. అక్కడ ఆయనకి ఎండలో పని, నడుం పట్టేస్తోందని పక్కూరి కుర్రాడు వచ్చి చెబితే తెలిసింది. ఇక్కడ ఈమె ఫోను చెవి దగ్గర పట్టుకోవడం చేతకాక మంచం మీద పెట్టి, దాని పక్కన తల పెట్టుకుని మాట్లాడుతుందని ఆయనకి తెలీదు. సముద్రానికి ఈ పక్కా ఆ పక్కా ఇద్దరు మనుషులు, డబ్బు పోసి, బాగానే ఉన్నాం బాగానే ఉన్నాం అని చెప్పుకోవడం. తలుచుకుంటే ఇద్దరి మీదా కోపం వస్తోంది. జాలి కూడా వస్తోంది, కానీ జాలితో ఇవాళ పని లేదు.

ఆయనకి ఈ చేతులంటే ఎంత గొప్పో. పెళ్ళయిన కొత్తలో కుండ దగ్గర ఆమె పని చూడ్డానికే వచ్చి నిలబడేవాడు. పొయ్యి మీద బోర్లించిన నున్నటి కుండ, కింద కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ వీపు మీద అలా ఒక్కసారి పరిచి లాగేస్తే చాలు, పూత అంటుకుంటుంది, కన్ను మూసి తెరిచేలోపు ఎండుతుంది, గోటికొనతో అంచు లేపితే చేతిలోకి వచ్చేస్తుంది రేకు. లేపడం దగ్గరే ఉంది విద్య అంతా. కాస్త బిగిస్తే చిరుగుతుంది, కాస్త ఆలస్యమైతే మాడుతుంది. సత్యదుర్గ రేకు లేపితే దాని వెనకనుంచి మనిషి ముఖం కనపడేది. పూతరేకులు కొనుక్కోడానికి కార్లలో వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు వేళ్ళకి అంచు తెలీదు. లేపిన రేకు రెండు మూడు ముక్కలైపోతుంది. కుండ దగ్గర్నించి మడతల దగ్గరికి వచ్చింది, రేకు మీద నెయ్యి రాసి పంచదార జల్లి మడిచి చుట్టడం, అది పిల్లలు కూడా చేస్తారు. అదీ చేతకాక ఇప్పుడు బెల్లం పొడి జల్లెడ పడుతోంది, అదైనా భుజంతో. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎంత మర్యాదస్తులో అందరూ, ఆమె చించిన రేకులు ఆమెకి కనపడకుండా తీసి పక్కన దాచేవాళ్ళు. ఒకరోజు ఆ గుట్ట కంటపడింది. తిట్టినా బాగుండేది.

ఈ ఉక్రోషంలో ఉండగా నిన్న సాయంత్రం పుష్పలత ఫోన్ చేసింది. పుష్పలత ఈ పరిశోధనకి పెట్టుకున్న నర్సు, మాత్రలివ్వడం, రక్తం తీయడం, అడగడం, రాసుకోవడం అన్నీ ఆ అమ్మాయే. కాయితం మీద ఒక గీత ఉంటుంది, ఇటు కొస నొప్పి లేనట్టు, అటు కొస భరించలేనట్టు, నీ నొప్పి ఎక్కడుందో అక్కడ అడ్డగీత పెట్టమంటారు. ఎవరి చేత్తో వాళ్ళే పెట్టాలని నిబంధనట. సత్యదుర్గ కలం పట్టుకోలేక తంటాలు పడుతుంటే, ఇక్కడ పెట్టనా అక్కా, తగ్గింది కదా, అని ఆ పిల్ల ఇటు కొసకి దగ్గరగా కలం ఆనించి చూపిస్తుంది, ఆయ్, అక్కడే, అంటుంది తను. ఆ పిల్ల మోసగత్తె కాదు. మంచిది. తగ్గాలని నిజంగా కోరుకుంటుంది, తగ్గనివాళ్ళని చూస్తే ఆ పిల్ల ముఖం చిన్నబోతుంది. నిన్న ఫోన్లో ఎంత సంతోషమో. ఎవరికేది అందిందో ఇంకా తేలలేదు గాని, మన కోనసీమవాళ్ళకి అందరికన్నా బాగా తగ్గిందట అక్కా, డాక్టరుగారు హైదరాబాదులో పెద్ద పెద్దవాళ్ళ ముందు చెప్పడానికి వెళ్తున్నారు, మీ చేతులు ఫొటో తీసుకుంటారట, కాస్త మంచి చీర కట్టుకు రండి అంది. చేతుల ఫొటోకి మంచి చీర. ఆయ్ అలాగే అంది సత్యదుర్గ. అని ఫోను కట్టేసి, చీకట్లో గోడకేసి చూస్తుంటే, ఒక్కసారిగా అర్థమైంది. ఈ అబద్ధం తన దగ్గర ఆగడం లేదు. హైదరాబాదు వెళ్తోంది. అక్కణ్ణించి ఇంకెక్కడికో వెళ్తుంది. ఎక్కడో ఎవరో వేళ్ళు వంకరపోతున్న మనిషి, కోనసీమలో అందరికీ తగ్గిందటండి అని ఆ గొట్టాలు మింగుతూ కూర్చుంటుంది. ఆ మనిషి ముఖం తనకి తెలీదు. చేతులు మాత్రం తెలుసు.

సత్యదుర్గగారూ అని పుష్పలత పిలిచింది. లేవడానికి బల్ల అంచు పట్టుకోబోయి, పట్టు దొరక్క మోచెయ్యి ఆనించి లేచింది. కాంతమ్మ కళ్ళు తెరిచి చూసింది, మాత్ర వేసుకున్న మనిషి అలా లేవదని ఆమెకి తెలుసు. లోపల శివప్రసాద్ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఎప్పుడూ అంతే, తనలాంటివాళ్ళకి కూడా లేచి నిలబడతారు. కోపం సగం అక్కడే కరగబోయింది, వంగిన వేలుని గట్టిగా నొక్కుకుని మిగతా సగం నిలబెట్టుకుంది. ముందు రబ్బరు సంచీ చేతికిచ్చారు. రక్తపోటు చూసే పరికరానికి ఉండేదే, గాలి నింపి చుట్టి ఇస్తారు, గుప్పిటతో పిసికితే గొట్టంలో పాదరసం పైకెక్కుతుంది, అది చేతి బలం. పోయినసారి తెల్లమాత్ర బలంతో బాగానే ఎక్కించింది, పుష్పలత చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఇప్పుడు కుడిచెయ్యి కొంగు కిందే ఉంచుకుని ఎడమచేత్తో పిసికింది. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని పిసికింది. కళ్ళు తెరిచి చూస్తే పాదరసం చోటు నించి కాస్త జరిగిందో లేదో. ఒకరి తర్వాత ఒకరు సర్దిచెప్పడం మొదలుపెట్టారు. ప్రయాణం బడలిక అయ్యుంటుందమ్మా, కాసేపాగి మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టరుగారు. బస్సులో కిటికీ పక్కన కూర్చునుంటారు అక్కా, చల్లగాలి కొట్టుంటుంది అంది పుష్పలత. ఆమె కోసం ఒకటికి రెండు దారులు తీసి పెట్టారు, అవమానం లేకుండా బయటికి నడిచి వెళ్ళడానికి. ఆయ్, అయ్యుంటుందండి. అది నాలిక మీదికి వచ్చేసింది కూడా. అమ్మ పీట లేని ఇంట్లో కూర్చోండి అన్నప్పుడు ఇలాగే వచ్చుంటుంది, ఎవరూ తోయకుండానే. ఈసారి పళ్ళ మధ్య పట్టుకుని నలిపేసింది.

"బడలిక కాదండి," అంది. "తగ్గలేదండి నాకు. ఏనాడూ తగ్గలేదండి."

గొంతు ఆమెది కాదన్నట్టుగా వచ్చింది, గట్టిగా, పోట్లాటకి వచ్చినట్టు. అదే ఊపులో కొంగు కింద నించి కుడిచెయ్యి తీసి వెల్లకిలా బల్ల మీద పెట్టింది. వంగిన వేలు బల్లకి ఆనకుండా పైకి నిలబడి ఉంది. ఇక్కడికి వచ్చేరోజు తెల్లమాత్ర వేసుకుని వచ్చేదాన్నని, ఇవాళ పారేశానని, అందుకే ఇలా ఉన్నానని, ఇన్నాళ్ళూ మీరు చూసింది నన్ను కాదు, ఆ మాత్రని అని, ఆగకుండా చెప్పేసింది. డాక్టరుగారు ఆ వేలుని రెండు వైపులా పట్టుకుని చూశారు, కణుపు దగ్గర నొక్కారు, మెల్లిగా సాగదీసి వదిలారు, అది మళ్ళీ వంగింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ?"

ఎందుకంటే, అని ఆమె తన కోపంలోనే వెతుక్కుంది. వరండాలో కూర్చుని పోగేసుకున్నవన్నీ ఉన్నాయి, మీరు కేకలెయ్యరు కాబట్టి, మీరు లేచి నిలబడతారు కాబట్టి, బాగుందంటే మీ ముఖం అలా వెలుగుతుంది కాబట్టి, మీరు ఒక్కసారైనా తెల్లారుజామున మా ఇంటికి వచ్చి చూడలేదు కాబట్టి. అన్నీ అనాలనుకుంది. నోట్లోంచి వచ్చింది ఒకటే.

"మీరు బాధపడతారనండి."

ఆయన పుష్పలతకేసి తిరిగి, ఈవిడకి ఆ గొట్టాలు ఇవాళే ఆపెయ్, రక్తం తీసి పరీక్షకి పంపించు, సాయంత్రం లోపల పాత మాత్ర మొదలెడదాం అన్నారు. అని, ఆమెతో, పొరపాటు నాదమ్మా, బాగుందంటే వినడానికి బాగుంటుంది, అక్కడితో ఆగిపోయాను అన్నారు. ఆ మాట కూడా నెమ్మదిగానే అన్నారు. ఆమె లేవలేదు. బల్ల మీదున్న తన చేతిని చూపించి, మరి ఈ వేలండి, అంది. ఆయన ముఖం మీదికి ఎప్పుడూ వచ్చే ఆ చల్లటి నవ్వు వచ్చింది. చూద్దాంలేమ్మా, మందు మొదలెట్టాక, వేణ్ణీళ్ళ కాపడం అదీ చేస్తుంటే, మెల్లిగా, అంటున్నారు. సత్యదుర్గకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయనా అంతే. ఎక్కడ చదువుకొచ్చినా ఈయన తాగిందీ ఈ గోదావరి నీళ్ళే. బాధపడుతుందని చెప్పడం లేదు.

"రాదు కదండి," అంది.

ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన ఇంకోసారి ఆమె ముఖంలోకి చూశారు.

"రాదమ్మా," అన్నారు. "ఇది రాదు. మిగతావి కాపాడదాం."

మొట్టమొదటిసారి ఆయన ఆమెతో మాట్లాడినట్టనిపించింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు, నమస్కారం కూడా పెట్టలేదు. బయటికి వచ్చి బల్ల మీద కూర్చుంది. పుష్పలత రక్తం తీస్తున్నంతసేపూ ముఖం పక్కకి తిప్పుకునే ఉంది. ఆ పిల్ల సూది తీసి దూది పెడుతూ, నేనూ అక్కడ గీత పెట్టకుండా ఉండాల్సింది అక్కా అని గొణిగి లేచి వెళ్ళిపోయింది. రాదు అన్న మాట గుండెలో రాయిలా పడి ఉంది, కానీ నిజం రాయి, కింద పరిచి కూర్చోవచ్చు. ఒక వేలు పోయింది. ఆ ఒక్క వేలికీ ఎవరి మీద కేసు వెయ్యాలి, అమ్మ మీదా, తన మీదా, గోదావరి మీదా? మిగతావి ఉన్నాయి. కోపం చల్లారుతుందేమో అనుకుంది, చల్లారలేదు. ఇప్పుడు దానికి చేసే పని దొరికినట్టు ఇంకా రాజుకుంది.

కాంతమ్మ వంతు వచ్చింది. ఏమన్నారే దుర్గా అని లేస్తూ అడిగింది. సత్యదుర్గ, నిజం చెప్పక్కా, మోకాళ్ళ సంగతి దాచకు, పాత మాత్ర ఇస్తారు అంది. కాంతమ్మ ఆమె చేతికేసీ కన్నీళ్ళకేసీ చూసి, అయ్యో, ఆయన్ని బాధపెట్టేవేమే అంది. పైట సర్దుకుని, జుట్టు చేత్తో దువ్వుకుని, పేరంటానికి వెళ్తున్నట్టు లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. పల్చటి తలుపు, మాటలు వినపడుతూనే ఉన్నాయి. డాక్టరుగారి గొంతు ఈసారి వేరేగా ఉంది, అంత మెత్తగా లేదు. కాంతమ్మగారూ, నా కోసం చెప్పొద్దు, మొహమాటపడొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్నారు. సత్యదుర్గ తలుపుకేసి వంగింది. చెప్పు. చెప్పక్కా. ఆయన ఇంకేం అడగాలి, ఎలా అడగాలి.

"దాచుకోడానికి ఏముందండి," అంటోంది కాంతమ్మ, నవ్వుతూ. "తమరు మందిచ్చేక కూడా తగ్గకపోడమేంటండి. బాగానే ఉందండి, ఆయ్."

సత్యదుర్గ లేచింది. తలుపు పిడి తిప్పబోతే వేళ్ళకి పట్టు చిక్కలేదు. ఒకసారి, ఇంకోసారి. అప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి, భుజంతో తలుపుని తోసుకుని లోపలికి వెళ్ళింది.